ఈఎస్ఐ లాంగ్ లీవ్: డబ్బుకి ఢోకా లేదు, గేటు లోపలికి మాత్రం మనమే నడవాలి

జీతంలోంచి చందా కోసి నడిపే కార్మికుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ గురించి మాట వస్తే క్యూ ఎంత ఉంది, మందులు దొరికాయా, సనత్‌నగర్ పెద్దాసుపత్రికి రాశారా అనే అందరూ అడుగుతారు. నెలల తరబడి సెలవులో ఉన్న మనిషి మళ్లీ పనిలో నిలదొక్కుకోవడానికి ఈ ఏర్పాటు ఏమాత్రం పనికొస్తుందో విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ప్రెస్సులో వేలు పోయిన ఆపరేటరు, నడుం డిస్కు జారిన లోడింగ్ కూలీ, డిప్రెషన్‌తో పక్క దిగలేకపోయిన ప్యాకింగ్ అమ్మాయి, ముగ్గురిదీ చివరికి ఒకటే ప్రశ్న. గాయం మానింది, మందులు పడ్డాయి, మరి ఫ్యాక్టరీ గేటు లోపలికి కాలు ఎందుకు పడటం లేదు?

మా లెక్క ముందే చెప్పేస్తాం. వైద్యం ఖర్చుకి ఐదుకి నాలుగున్నర మార్కులు. సెలవు డబ్బుకి నాలుగు. మనసు వైద్యానికి రెండున్నర. తిరిగి పనిలోకి చేర్చే విషయంలో ఒకటి. ఆ ఒకటి ఎందుకో, మిగతా నాలుగు మార్కులూ కార్మికుడు, ఇంట్లోవాళ్లు, సూపర్‌వైజరు కలిసి ఎలా తెచ్చుకోవచ్చో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాం.

డబ్బు ఎంత, ఎన్నాళ్లు

మనసు కుదుటపడాలంటే ముందు ఇంటి అద్దె గురించిన బెంగ తీరాలి. అందుకే డబ్బుతో మొదలుపెడుతున్నాం. నెలజీతం 21,000 దాటని వాళ్లకి ఈఎస్ఐ వర్తిస్తుంది, వికలాంగులకైతే ఆ హద్దు 25,000. నెలకి 18,000 జీతం ఉన్న మనిషిని తీసుకుందాం. జీతంలోంచి కోసేది 0.75 శాతం, అంటే 135 రూపాయలు. యాజమాన్యం కట్టేది 3.25 శాతం, 585 రూపాయలు. రోజు సగటు 600 అనుకుంటే మామూలు జబ్బు సెలవుకి అందులో 70 శాతం, రోజుకి 420 వస్తుంది. ఏడాదిలో 91 రోజులు, అంటే ఎక్కువలో ఎక్కువ 38,220. సెలవులో మొదటి రెండు రోజులకి డబ్బు రాదు. జనవరి నుంచి జూన్ లోపు జబ్బు పడితే అంతకుముందు ఏప్రిల్–సెప్టెంబరు మధ్య, జూలై నుంచి డిసెంబరు లోపు పడితే అంతకుముందు అక్టోబరు–మార్చి మధ్య, కనీసం 78 రోజులకి చందా పడి ఉండాలి.

91 రోజులూ చాలని జబ్బుల కోసం ఈఎస్ఐ దగ్గర 34 దీర్ఘకాలిక జబ్బుల పట్టిక ఉంది. అందులో ఉన్న జబ్బయితే 80 శాతం, మన లెక్కలో రోజుకి 480. మెడికల్ బోర్డు ఒప్పుకుంటే రెండేళ్ల దాకా సాగుతుంది. దీనికి రెండేళ్ల సర్వీసు, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) కలిపి 156 రోజుల చందా కావాలి. మానసిక జబ్బుల్లో ఈ పట్టికలో ఉన్నవి స్కిజోఫ్రెనియా, ఎండోజీనస్ డిప్రెషన్ (బయటి కారణం లేకుండా లోపలినుంచే వచ్చే కుంగుబాటు), ఇప్పుడు బైపోలార్ అంటున్న మానిక్ డిప్రెసివ్ సైకోసిస్, డిమెన్షియా. ఆందోళన జబ్బులు గానీ, ప్రమాదం తరువాత పట్టుకునే భయం గానీ అందులో లేవు. వాటికి ఆ 91 రోజులే.

ఇక్కడ చాలామంది తమకు తామే నష్టం చేసుకుంటారు. సిగ్గుకొద్దీ డాక్టరుగారిని బతిమాలి సర్టిఫికెట్ మీద "నీరసం" అనో "నిద్రలేమి" అనో రాయించుకుంటారు. మూడు నెలలు గడిచి డబ్బు ఆగిపోయాక, ఉన్నది తీవ్రమైన డిప్రెషన్ అని వెనక తేదీలకి నిరూపించడం ప్రాణం మీదికి వస్తుంది. ఉన్న జబ్బు పేరు ఉన్నట్టు మొదటి రోజునుంచే కాగితం మీద ఉండాలి. ఆ పేరు ఫ్యాక్టరీలో పదిమందికి తెలియకుండా చూసుకునే దారి వేరే ఉంది, అది తరువాత చెబుతాం.

పనిలో గాయమైతే లెక్క పూర్తిగా మారుతుంది. 90 శాతం, రోజుకి 540. ఇన్ని రోజుల చందా ఉండాలన్న షరతు లేదు. మొన్న చేరినవాడికి నిన్న వేలు తెగినా వస్తుంది. పని చేయలేని స్థితి ఉన్నన్నాళ్లూ వస్తుంది. పనికి వెళ్లే దారిలో, వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనికి సంబంధించినదేనని తేలితే ఇందులోకే వస్తుంది. గాయం మానాక శాశ్వత లోపం మిగిలితే మెడికల్ బోర్డు సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో తేల్చి, ఆ శాతం మేరకు జీవితాంతం పింఛను ఇస్తుంది. చూపుడువేలు మొత్తం పోతే పట్టిక ప్రకారం 14 శాతం, అంటే 540లో 14 శాతం, రోజుకి 75 రూపాయల 60 పైసలు. బొటనవేలు పోతే 30 శాతం.

ఈ పింఛను గురించి ఒక అపోహ ఎంతోమందిని ఇంట్లో కూర్చోబెడుతోంది. "మళ్లీ పనిలో చేరితే పింఛను ఆపేస్తారు" అని. ఆపరు. పనిలో చేరితే ఆగేది గాయం మానేదాకా ఇచ్చే తాత్కాలిక డబ్బు ఒక్కటే. శాశ్వత లోపానికి ఇచ్చే పింఛను ఉద్యోగం చేస్తున్నా, జీతం పెరిగినా వస్తూనే ఉంటుంది. మనసు బాగోని మనిషికి ఈ ఒక్క ముక్క ముందుగా చెప్పగలిగితే సగం భారం దిగుతుంది.

కాగితం ఎక్కడ తేడా కొడుతుంది

తెలుగు రాష్ట్రాల్లో ఈఎస్ఐ డిస్పెన్సరీలు నడిపేది రాష్ట్ర ప్రభుత్వాల బీమా వైద్య సేవల విభాగం. డబ్బు ఇచ్చేది కేంద్రం కింద ఉన్న ఈఎస్ఐ కార్పొరేషన్ బ్రాంచి ఆఫీసు. సర్టిఫికెట్ ఒక చోట పుట్టి, డబ్బు ఇంకో చోట పుడుతుంది. "వాళ్లు పంపలేదు", "మేము పంపేశాం" అన్న మాటలకి మూలం ఇదే. డిస్పెన్సరీలో సర్టిఫికెట్ ఎక్కించారా లేదా అన్నది అదే రోజు, అక్కడే ఉండగా చూసుకోవాలి. బ్యాంకు ఖాతాలో, ఆధార్‌లో, ఈఎస్ఐ కార్డులో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉందేమో సెలవు మొదటి వారంలోనే సరిచేసుకోండి.

సర్టిఫికెట్ల మధ్య ఖాళీ పడితే ఆ ఖాళీ రోజులకి డబ్బు రాదు. మామూలుగా వారానికొకటి తీసుకోవాలి. 28 రోజులు దాటిన దీర్ఘకాలిక రోగికి నాలుగు వారాల దాకా ఒకేసారి ప్రత్యేక సర్టిఫికెట్ ఇచ్చే వీలుంది. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు సరిగ్గా ఇక్కడే తప్పిపోతారు. పక్కమీంచి లేవలేని రోజునే డిస్పెన్సరీకి వెళ్లాల్సిన రోజు వస్తుంది. వెళ్లరు, ఖాళీ పడుతుంది, డబ్బు ఆగుతుంది, దాంతో ఇంకా కుంగిపోతారు. గడువు తేదీ మనిషి తలలో పెట్టుకోవాల్సిన విషయం కాదు. ఇంట్లో ఒకరు క్యాలెండరు మీద రెండు రోజుల ముందే గుండ్రంగా చుట్టి పెట్టుకుని, వెంట తీసుకెళ్లాలి.

సొంతూరి విషయం ఇంకోటి. ఒంట్లో బాగోకపోతే ఊరెళ్లి అమ్మ దగ్గర ఉందామనిపించడం సహజం. మనసుకి అది మంచిదే కూడా. కానీ సెలవు డబ్బు తీసుకుంటున్నవాళ్లు వైద్యం జరుగుతున్న ప్రాంతం విడిచి వెళ్లాలంటే మెడికల్ ఆఫీసరు అనుమతి ఉండాలన్నది నిబంధన. అడిగి, కాగితం మీద రాయించుకుని వెళ్లండి.

అన్నిటికన్నా పెద్ద నష్టం పని ప్రమాదాన్ని జబ్బు సెలవుగా రాయించడం వల్ల జరుగుతుంది. గాయమైన రోజు గాభరాలో దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళతారు, కేసు వద్దులే అంటారు, తరువాత జబ్బు కింద పెడతారు. అక్కడితో 90 శాతం కాస్తా 70 అవుతుంది, జీవితాంతం రావాల్సిన పింఛనుకి ఆధారమే పోతుంది. యాజమాన్యం ప్రమాద నివేదికని 24 గంటల్లో పంపాలి. పంపకపోతే కార్మికుడే బ్రాంచి మేనేజరుకి తేదీ, సమయం, మెషిన్ పేరు, చూసినవాళ్ల పేర్లు రాసి ఇవ్వాలి. మేము దీన్ని మనసు వైద్యంలో భాగంగానే చూస్తాం. తనకి జరిగినదాన్ని జరగలేదన్నట్టు రాశారన్న బాధ గాయం మానినా మానదు.

సగం రోజు అనేది లేదు

ఒక మార్కే ఎందుకిచ్చామో ఇప్పుడు చెబుతాం. ఈఎస్ఐ నిబంధనల్లో మనిషికి రెండే స్థితులు. పూర్తిగా సెలవు, పూర్తిగా పని. జీతం తీసుకుని పని చేసిన రోజుకి సెలవు డబ్బు రాదు. వారానికి మూడు రోజులు, రోజుకి నాలుగు గంటలు అంటూ మెల్లగా మొదలుపెట్టి మిగతాదానికి భత్యం తీసుకునే దారి లేదు. నయమయ్యాక ఇచ్చే ఫైనల్ సర్టిఫికెట్ కూడా పరీక్ష చేసిన రోజునుంచి మహా అయితే మూడో రోజుకి ఫిట్ అని రాసేదే. ఆరు నెలలు ఇంట్లో ఉన్న మనిషికి తిరిగి వెళ్లడానికి ఈ వ్యవస్థ ఇచ్చే వ్యవధి మూడు రోజులు.

కాబట్టి ఆ మెల్లగా వెళ్లడమనేది సెలవులో ఉండగానే, జీతం తీసుకోకుండా, పని చేయకుండా జరిగిపోవాలి. ఫైనల్ సర్టిఫికెట్ వస్తుందనుకున్న తేదీకి ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి. ఆ తేదీ కచ్చితంగా తెలియకపోయినా నష్టం లేదు. డాక్టరుగారు "ఇంకో రెండు నెలలు" అన్న రోజే మొదలుపెట్టండి.

మొదటి రెండు వారాలూ ఒక్క పనే, లేచే టైము. షిఫ్టు ఆరింటికైతే నాలుగున్నరకి లేవడం. నిద్ర పట్టినా పట్టకపోయినా లేచే టైము మారకూడదు. పడుకునే టైము దానంతటదే సర్దుకుంటుంది, పగలు నిద్రపోతే మాత్రం సర్దుకోదు. స్నానం చేసి, ప్యాంటూ చొక్కా వేసుకుని, అరగంట నడిచి రావాలి. లుంగీ మీదే రోజంతా గడిపితే అది సెలవు రోజు కిందే లెక్క. మూడో వారం నుంచి ఒంటికి పని అలవాటు చేయాలి. నిలబడి చేసే ఉద్యోగమైతే ఇంట్లో ఏదో పని పెట్టుకుని గంట నిలబడటంతో మొదలుపెట్టి రెండు రోజులకోసారి అరగంట పెంచుకుంటూ పోవాలి. మధ్యలో నొప్పి పెరిగితే పూర్తిగా ఆపకుండా నిన్నటి లెక్కకి వెనక్కి రావాలి. నాలుగో వారానికల్లా డబ్బా కట్టుకుని, బస్సెక్కి, ఫ్యాక్టరీ స్టాపు దాకా వెళ్లి, టీ తాగి తిరిగి రావాలి. చాలామందికి గుండెదడ మొదలయ్యేది ఆ స్టాపు దగ్గరే. దడ తగ్గేదాకా అక్కడే కూర్చోవాలి. దడగా ఉన్నప్పుడే తిరుగు బస్సు ఎక్కేస్తే మరునాడు భయం ఒక మెట్టు పైకి ఎక్కి కూర్చుంటుంది. దడ తగ్గాక ఎక్కితే ఒక మెట్టు దిగుతుంది. మొత్తం కిటుకు ఇదే.

ప్రెస్సు దగ్గర

పవర్ ప్రెస్సులో వేలు పోయినవాళ్ల విషయం కాస్త దగ్గరగా చూద్దాం. వాళ్లకి భయం మెషిన్ని చూస్తే కాదు, చప్పుడుకి వస్తుంది. పక్క షెడ్డులో ర్యామ్ (ప్రెస్సులో పైనుంచి దిగి ముక్కని నొక్కే భాగం) దిగిన చప్పుడు వినపడగానే చెయ్యి దానంతటదే వెనక్కి లాక్కుంటుంది, అరచేతులకి చెమట పడుతుంది. ఇది పిరికితనం కాదు. ఒళ్లు తనను తాను కాపాడుకోవడానికి నేర్చుకున్న పాఠం.

ముందుగా తేల్చాల్సింది మెషిన్ సంగతి. ప్రమాదం ఎలా జరిగింది? ఒక చేత్తో ముక్క సర్దుతూ కాలితో పెడల్ నొక్కే పద్ధతిలోనే చాలా వేళ్లు పోతాయి. చేతికి, కాలికి మధ్య అర సెకను తేడా వస్తే చాలు. ఆ పెడల్ తీసేసి రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే తప్ప ర్యామ్ దిగని కంట్రోల్ పెట్టారా? డై (ముక్కని నొక్కే అచ్చు) ముందు గార్డు ఉందా? చెయ్యి అడ్డొస్తే ఆగిపోయే లైట్ కర్టెన్ పనిచేస్తోందా, లేక ప్రొడక్షన్ కోసం బైపాస్ చేశారా? ఇవేవీ మారకపోతే ఆ మనిషి భయం జబ్బు కాదు, సరైన అంచనా. దాన్ని కౌన్సెలింగ్‌తో పోగొట్టాలని చూడటం తప్పు. మెషిన్ బాగుచేయకుండా మనిషిని బాగుచేయమని ఏ డాక్టరునీ అడగకూడదు.

మెషిన్ మారాక ఒక్కో మెట్టు ఎక్కాలి. సెలవులో ఉండగా రెండుసార్లు, పని ముట్టుకోకుండా, వచ్చి చూసి వెళ్లడం. మొదటిసారి లంచ్ టైములో, మెషిన్లు ఆగి ఉన్నప్పుడు. రెండోసారి నడుస్తుండగా, దూరం నుంచి. దీనికి సూపర్‌వైజరు అనుమతి, గేటు దగ్గర విజిటర్ ఎంట్రీ ఉండాలి. హాజరు పడకూడదు, పడితే ఆ రోజు సెలవు డబ్బు చిక్కులో పడుతుంది. పనిలో చేరాక మొదటి వారం ప్యాకింగో, ఇన్‌స్పెక్షనో. రెండో వారం ప్రెస్సు పక్కన హెల్పరుగా ముక్కలు అందించడం. మూడో వారం కరెంటు ఆపి, మెయిన్ స్విచ్‌కి తాళం వేసి, తాళం చెవి తన జేబులోనే పెట్టుకుని డై శుభ్రం చేయడం. ఆ తాళం చెవి తన జేబులో ఉండటం చిన్న విషయం కాదు. మెషిన్ తన అదుపులో ఉందని ఒంటికి తెలిసేది అప్పుడే. ఆ తరువాత ముక్క లేకుండా ఖాళీ స్ట్రోకులు పది, ఇరవై. ఆపైన నిజం పని, పక్కన ఇంకొకరు ఉండగా, టార్గెట్ లేకుండా. ఎక్కడైనా ఆగిపోతే కిందటి మెట్టు మీద ఇంకో రెండు రోజులు. తిరిగి మొదటికి తీసుకెళ్లొద్దు.

నెల దాటినా పీడకలలు ఆగకపోతే, ప్రమాదం కళ్లముందు మళ్లీ జరుగుతున్నట్టుంటే, ఆ ఊసెత్తితేనే గదిలోంచి లేచి వెళ్లిపోతుంటే, ఈ మెట్ల పని సొంతంగా చేయకండి. ముందు మానసిక వైద్యుడికి చూపించాలి.

డాక్టరు ముందు రెండు నిమిషాలు

డిస్పెన్సరీ నుంచి రెఫరల్ రాయించుకుని పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడిని కలవొచ్చు. మందులకి గానీ వైద్యానికి గానీ ఖర్చు పరిమితి లేదు, ఇంట్లో ఆధారపడ్డవాళ్లకి కూడా వర్తిస్తుంది. నాలుగున్నర మార్కులు అందుకే. మనసు వైద్యానికి రెండున్నర మాత్రమే ఇచ్చింది టైము చాలకపోవడం వల్ల. రద్దీ ఓపీలో డాక్టరు ముందు కూర్చునేది కొద్ది నిమిషాలు. "ఎలా ఉంది?" అంటే "పర్లేదు సార్" అనేసి అవే మందులు రాయించుకుని వచ్చేస్తారు. దీనికి మందు ఒక చీటీ. ఇదిగో ఇలా:

"నిద్ర: పదకొండుకి పడుకుంటే రెండింటికి మెలకువ, మళ్లీ పట్టదు. వారంలో అయిదు రోజులు. ఆకలి: ఒక పూటే. ప్యాంటు వదులైంది. భయం: మెషిన్ చప్పుడుకి చెమట, చేతులు వణుకు. చనిపోతే బాగుండు అన్న ఆలోచన: వారంలో రెండుసార్లు. మందు వేసుకున్నాక పొద్దున పదింటి దాకా మత్తు. నా పని: పవర్ ప్రెస్సు, షిఫ్టు ఆరింటికి."

ఆరు లైన్లు. ఇది చేతికిస్తే ఆ రెండు నిమిషాలే పది నిమిషాల పని చేస్తాయి. నాలుగో విషయం రాయడానికి చెయ్యి ఆడదు, ఇంట్లోవాళ్లయినా అడిగి రాయాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు.

చివరి లైను చాలామంది మరిచిపోతారు. పని ఏమిటో తెలియకుండా మందు రాస్తే పనిలో దెబ్బ తగులుతుంది. ఆల్‌ప్రజోలం, క్లోనజెపాం లాంటివి నెలల తరబడి వేసుకుంటే అలవాటు పడటమే కాదు, చెయ్యి స్పందించే వేగం తగ్గుతుంది. ప్రెస్సు, కోత యంత్రం, ఫోర్క్‌లిఫ్టు దగ్గర అది ప్రమాదం. అలాగని ఒక్కసారిగా మానేయకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. మిర్టజపిన్, ఒలాంజపిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి మత్తు ఇస్తాయి. షిఫ్టు టైము చెబితే ఎన్నింటికి వేసుకోవాలో మార్చి రాస్తారు. బైపోలార్‌కి లిథియం వాడుతున్నవాళ్లు ఫౌండ్రీలో, బాయిలరు దగ్గర పనిచేస్తుంటే ఇంకా జాగ్రత్త. చెమటతో నీరూ ఉప్పూ పోతే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. వాంతులు, చేతుల వణుకు, తూలడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఇబూప్రోఫెన్ సొంతంగా మింగడం కూడా అదే పని చేస్తుంది. బైపోలార్ ఉన్నవాళ్లకి నైట్ షిఫ్టు కూడా వద్దు. నిద్ర తప్పడమే వాళ్లకి జబ్బు తిరగబెట్టే దారి.

డిప్రెషన్ మందు పనిచేయడం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి. "పనిలో చేరాను కదా, ఇంక మందెందుకు" అని చేరిన నెలలోనే ఆపేస్తే మళ్లీ పడటానికి అదే చాలు.

అర్ధరాత్రి గుబులు పుట్టినప్పుడు డిస్పెన్సరీ తెరిచి ఉండదు. దానికి టెలీమానస్ ఉంది, 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకి కలుపుతారు. ఈఎస్ఐలో లేని తీరిక ఇక్కడ దొరుకుతుంది, అందుకే రెండూ కలిపి వాడుకోమంటాం. సెలవు సర్టిఫికెట్‌కి మాత్రం డిస్పెన్సరీకే వెళ్లాలి.

సూపర్‌వైజరు చేయాల్సింది

సెలవులో ఉన్న మనిషికి పదిహేను రోజులకోసారి ఒక ఫోన్. "ఎప్పుడొస్తావ్?" అన్న మాట వద్దు. "తమ్ముడూ, ఎలా ఉన్నావు? మన లైనులో ఫలానా మార్పు జరిగింది" అంటే చాలు. ఎవరూ చేయకపోతే తనని మరిచిపోయారనుకుంటాడు, రోజూ చేస్తే తరుముతున్నారనుకుంటాడు.

చేరే ముందు ఇరవై నిమిషాలు కూర్చుని మూడు సంగతులు తేల్చుకోవాలి. మొదటి నెల ఏ పని, ఏ షిఫ్టు, ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలి. జబ్బు పేరు ఈ మాటల్లోకి రానక్కర్లేదు. ఫ్యాక్టరీకి కావలసింది తేదీలూ, చేయగలిగే పని, చేయకూడని పని. "నాలుగు వారాలు నైట్ షిఫ్టు, ఎత్తు మీద పని, ఒంటరిగా మెషిన్ నడపడం వద్దు" అని డాక్టరుగారి చేత విడిగా ఒక చీటీ రాయించుకుంటే సరిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాల గోప్యతని హక్కుగా ఇచ్చింది.

చేరే రోజు వీలైతే గురువారం పెట్టుకోండి. మూడు రోజులు పని, ఆదివారం విశ్రాంతి. సోమవారం చేరితే ఆరు రోజులు ఏకబిగిన వచ్చి మీద పడతాయి. ఫైనల్ సర్టిఫికెట్‌లో రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంది కాబట్టి డిస్పెన్సరీకి వెళ్లే రోజు చూసుకుని ఇది కుదుర్చుకోవచ్చు. ఎర్న్‌డ్ లీవ్ మిగిలి ఉంటే మొదటి నెల ప్రతి బుధవారం ఒకటి వాడుకోండి. నిబంధనల్లో లేని సగం పనిని ఇలా మనమే తయారుచేసుకోవాలి.

చేరిన రోజు లంచ్‌లో అందరూ చుట్టూ చేరి "ఏదీ, చెయ్యి చూపించు" అంటారు. చెడ్డ ఉద్దేశం ఉండదు, కానీ పదోసారి చూపించేసరికి మనిషి లోపల విరిగిపోతాడు. ఒక్క వాక్యం ముందే అనుకుని వెళ్లాలి. "మానిందన్నా, తరువాత చెబుతా, ముందు అన్నం తిందాం."

పాత పని ఇక కుదరకపోతే

కొందరికి ఎంత మెల్లగా వెళ్లినా ఆ పని ఇక కుదరదు. ప్రభుత్వ సంస్థల్లో ఉన్నవాళ్లకి 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ గట్టి అండ. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అదే జీతంతో చేయగలిగే వేరే పోస్టుకి మార్చాలి. పోస్టు లేకపోతే ఖాళీ వచ్చేదాకా అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. వర్ణాంధత ఉందని ఉద్యోగం పోగొట్టుకున్న తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకి వేరే ఉద్యోగం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు చెప్పింది. ప్రైవేటు షెడ్డుల్లో ఉన్నవాళ్లకి ఈ రక్షణ అంత గట్టిగా లేదు. అదే మాకు బాధ. అయినా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలన్నది అదే చట్టంలో ఉంది. అడగండి, అది చూపించమనండి.

పనిలో గాయం వల్ల 40 శాతం, అంతకుమించి వైకల్యం వచ్చి, వయసు 45 లోపు ఉంటే ఈఎస్ఐ వేరే వృత్తి నేర్చుకోవడానికి డబ్బిస్తుంది. శిక్షణ ఫీజు, లేదా రోజుకి 123 రూపాయలు, ఏది ఎక్కువైతే అది. హైదరాబాదు విద్యానగర్‌లో వికలాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటరు ఉంది. శాశ్వత వైకల్యంతో ఉద్యోగం పూర్తిగా వదిలేసినవాళ్లకి ఏడాదికి 120 రూపాయలు కడితే వైద్యం కొనసాగుతుంది.

పనిలో చేరాక మొదటి మూడు వారాల్లో నిద్ర మళ్లీ చెడితే, అన్నం సయించకపోతే, స్టాపులో దిగకుండా బస్సులోనే కూర్చుండిపోతే, "ఇప్పుడే కదా చేరాను, మళ్లీ సెలవంటే ఏమనుకుంటారో" అని ఓర్చుకోవద్దు. ముందరి సెలవు ముగిసిన 15 రోజుల లోపు మళ్లీ జబ్బు సెలవు పెడితే డబ్బు రాని ఆ రెండు రోజుల కోత ఉండదు. 91 రోజుల్లో ఎన్ని మిగిలాయో చూసుకుని, మొదటి రోజునే డిస్పెన్సరీకి వెళ్లండి, చీటీ తీసుకుని.